1.35 వోల్టులు: పాత కెమెరాల్లో లైట్ మీటర్ ఎందుకు ఆగిపోయింది?



ఈ మధ్య చాలామంది బీరువా మీద, ట్రంకు పెట్టెలో పడి ఉన్న పాత ఫిల్మ్ కెమెరాలు బయటికి తీస్తున్నారు. తాతగారిదో, మేనమామదో, ఎవరో గల్ఫ్ నుంచి తెచ్చిందో. దుమ్ము తుడిచి బటన్ నొక్కితే షట్టర్ టక్ మని పడుతుంది. లెన్స్ బాగానే ఉంటుంది. ఫిల్మ్ తిప్పే లివర్ కూడా తిరుగుతుంది. కానీ వ్యూఫైండర్‌లోంచి చూస్తే ఒక పక్కన సన్నటి ముల్లు ఉంటుంది చూడండి, అది మాత్రం కదలదు. అదే లైట్ మీటర్. రిపేరు షాపుకి తీసుకెళ్తే వాళ్ళు ఒకటే మాట చెప్తారు, "ఈ బ్యాటరీ ఇప్పుడు రావట్లేదండీ" అని.

మనం ఏమనుకుంటాం? పాత మోడల్ కదా, అమ్ముడుపోక కంపెనీ ఆపేసి ఉంటుంది అనుకుంటాం. అసలు సంగతి అది కాదు. ఆ బ్యాటరీని ప్రభుత్వాలు చట్టం చేసి ఆపాయి. తర్వాత ప్రపంచ దేశాలు కూర్చుని ఒప్పందం కూడా రాసుకున్నాయి. ఆ ఒప్పందానికి జపాన్‌లోని ఒక ఊరి పేరు పెట్టారు, మినమాటా. ఆ ఊరికి జరిగిన అన్యాయాన్ని ప్రపంచానికి చూపించిన ఫోటోగ్రాఫర్ చేతిలో ఉన్న కెమెరాల్లో ఒకటి కూడా ఇదే రకం బ్యాటరీతో నడిచేది. ఈ రోజు ఆ కథ చెప్పుకుందాం. చివర్లో ఆ ముల్లుని మళ్ళీ కదిలించడం ఎలాగో కూడా చెప్తాను.

వెలుతురుని కొలవడం ఎలా మొదలైంది?

ఫోన్ కెమెరాతో పెరిగిన వాళ్ళకి ఇది కొంచెం వింతగా ఉంటుంది. ఫిల్మ్ మీద ఎంత వెలుతురు పడాలో ముందే తేల్చుకోవాలి. తక్కువైతే ఫోటో నల్లగా, మట్టి రంగులో వస్తుంది. మరీ ఎక్కువైతే ఆకాశం, తెల్ల చొక్కాలు అన్నీ ఒకటే తెలుపైపోతాయి. ఫోటో ఎలా వచ్చిందో ఫిల్మ్ కడిగేదాకా తెలియదు.

మొదట్లో దీనికి అనుభవమే ఆధారం. ఫిల్మ్ డబ్బాతో పాటు ఒక కాగితం వచ్చేది. దాని మీద సూర్యుడు, మబ్బు, నీడ బొమ్మలు వేసి, దేనికి ఏ సెట్టింగ్ పెట్టాలో రాసి ఉండేది. ఇప్పటికీ ఫోటోగ్రాఫర్లు చెప్పే "సన్నీ 16" సూత్రం ఇలాంటిదే. ఎండ బాగా కాస్తుంటే అపర్చర్ ఎఫ్16 పెట్టండి, ఫిల్మ్ స్పీడ్ 100 అయితే షట్టర్ సెకనులో 100వ వంతుకి దగ్గరగా, అంటే 125వ వంతు పెట్టండి. బయట ఎండలో ఇది బాగానే పనిచేస్తుంది. ఇంట్లోకి, సాయంత్రంలోకి, చెట్టు నీడలోకి వెళ్తేనే అసలు ఇబ్బంది.

దీనికి దారి కెమెరా వాళ్ళు కనిపెట్టలేదు, టెలిగ్రాఫ్ వాళ్ళు కనిపెట్టారు. 1873లో విల్లోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు సముద్రం అడుగున వేసే కేబుళ్ళని పరీక్షించడానికి సెలీనియం కడ్డీలు వాడుతున్నాడు. కొలతలు ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రావట్లేదు. చూస్తే పెట్టె మూత తీసినప్పుడు ఒక రకంగా, మూసినప్పుడు ఒక రకంగా వస్తున్నాయి. అంటే వెలుతురు పడితే సెలీనియం గుణం మారుతోందన్నమాట. ఆ తర్వాత సెలీనియంతో వెలుతురు నుంచి కరెంటు పుట్టించే సెల్ కూడా తయారుచేశారు. 1932లో వెస్టన్ అనే అమెరికన్ కంపెనీ దాంతో చేతిలో పట్టుకునే మీటర్ తెచ్చింది. 1935లో జర్మనీలో జైస్ ఐకాన్ వాళ్ళు కాంటాఫ్లెక్స్ కెమెరాలోనే మీటర్ పెట్టేశారు.

ఇక్కడ ఒక పనికొచ్చే విషయం. మీ కెమెరాలో లెన్స్ చుట్టూనో, పైనో తేనెపట్టులా బుడిపెలు బుడిపెలుగా ఉన్న గాజు ఉంటే అది సెలీనియం మీటర్ అయి ఉంటుంది. ఒలింపస్ ట్రిప్ 35 అలాంటిదే. దానికి బ్యాటరీయే లేదు. వెలుతురే దాని కరెంటు. కాబట్టి "బ్యాటరీ ఎక్కడ వేయాలి?" అని వెతక్కండి. దాని సెల్ బాగుంటే ముల్లు కదులుతుంది. సెల్ పోతే సెల్ మార్చాలి, అంతే.

ముల్లుకి బ్యాటరీ ఎందుకు కావలసి వచ్చింది?

సెలీనియంకి రెండు ఇబ్బందులు. పెద్ద కిటికీ కావాలి, తక్కువ వెలుతురులో స్పందించదు. 1960లు వచ్చేసరికి ఇంజనీర్లకి ఇంకొకటి దొరికింది, కాడ్మియం సల్ఫైడ్. పప్పు గింజంత ఉంటే చాలు. అంత చిన్నదాన్ని కెమెరా లోపల, లెన్స్ వెనక ఎక్కడైనా పెట్టొచ్చు. అంటే లెన్స్‌లోంచి నిజంగా వచ్చే వెలుతురునే కొలవొచ్చు. 1963లో టాప్‌కాన్ ఆర్ఈ సూపర్, 1964లో పెంటాక్స్ స్పాట్‌మాటిక్, 1966లో మినోల్టా ఎస్ఆర్‌టీ 101 వరసగా వచ్చాయి. ఫోటోగ్రఫీ తెలియని వాళ్ళు కూడా వీటిలో ముల్లుని గుర్తుకి కలిపి మంచి ఫోటో తీయగలిగారు.

కానీ కాడ్మియం సల్ఫైడ్ సొంతంగా కరెంటు పుట్టించదు. వెలుతురు పెరిగితే దాని నిరోధం తగ్గుతుంది, అంతే. మనం బ్యాటరీతో కరెంటు పంపాలి. ఎంత కరెంటు వెళ్తోందో ముల్లు చూపిస్తుంది.

ఇంటర్‌లో చదివిన ఓమ్ సూత్రం గుర్తు తెచ్చుకోండి. కరెంటు అంటే వోల్టేజిని నిరోధంతో భాగించగా వచ్చేది. ముల్లు చూపించేది కరెంటుని. మనకి కావలసింది నిరోధం, అంటే వెలుతురు. వోల్టేజి ఎప్పుడూ ఒకేలా ఉంటేనే ముల్లు నిజం చెప్తుంది. వోల్టేజి పెరిగితే కరెంటు పెరుగుతుంది. వెలుతురే పెరిగిందని ముల్లు పొరపడుతుంది. మీరు దాన్ని నమ్మి అపర్చర్ తగ్గిస్తారు, ఫోటో చీకటిగా వస్తుంది.

మామూలు టార్చి సెల్ కొత్తగా ఉన్నప్పుడు 1.5 వోల్టులు ఇస్తుంది. వాడే కొద్దీ 1.4, 1.3, 1.2 అలా దిగిపోతూ ఉంటుంది. దాంతో మీటర్ నడిపితే ఈ నెల కొలత ఒకటి, వచ్చే నెల కొలత ఇంకొకటి. కాబట్టి అయిపోయేదాకా ఒకే వోల్టేజి ఇచ్చే బ్యాటరీ కావాలి. అది అప్పటికే మార్కెట్లో ఉంది.

యుద్ధంలో పుట్టిన బ్యాటరీ

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైన్యానికి ఒక సమస్య వచ్చింది. పసిఫిక్ దీవుల వేడికి, తేమకి వాళ్ళ మామూలు బ్యాటరీలు వాడకముందే పాడైపోతున్నాయి. వాకీటాకీలు, మందుపాతరలు వెతికే పరికరాలు పనిచేయట్లేదు. అప్పుడు శామ్యూల్ రూబెన్ అనే ఆవిష్కర్త 1940ల మొదట్లో ఒక కొత్త సెల్ తయారుచేశాడు. ఒక పక్క జింకు, ఇంకో పక్క మెర్క్యూరిక్ ఆక్సైడ్, అంటే పాదరసం ఆక్సైడ్. మధ్యలో పొటాషియం హైడ్రాక్సైడ్. మాలొరీ అనే కంపెనీ దాన్ని లక్షల్లో తయారుచేసింది. ఆ కంపెనీయే తర్వాత డ్యూరాసెల్ అయ్యింది.

దీని గొప్పతనం ఎక్కడుందంటే, సెల్ వాడే కొద్దీ లోపల ఆక్సైడ్ కాస్తా పాదరసంగా మారుతుంది. పాదరసం లోహం కాబట్టి కరెంటుని బాగా పోనిస్తుంది. మధ్యలో ఉన్న ద్రావణం ఖర్చవదు. అందుకే కొత్తదైనా, సగం వాడిందైనా, దాదాపు అయిపోయిందైనా 1.35 వోల్టులే వస్తాయి. ఆఖర్న ఒక్కసారిగా పడిపోతుంది. నమ్మకమైన వస్తువు కాబట్టి చెవి మిషన్లలో పెట్టారు, వాచీల్లో పెట్టారు. 1960ల్లో గుండెలో అమర్చే తొలి పేస్‌మేకర్లు కూడా ఈ సెల్స్‌తోనే నడిచాయి.

కెమెరా కంపెనీలకి ఇంతకంటే ఏం కావాలి? పీఎక్స్625 అనే గుండ్రటి సెల్, చొక్కా గుండీ అంత ఉంటుంది, జపాన్, జర్మనీ కెమెరాలు ఎన్నింటిలోనో చేరింది. వోల్టేజిని స్థిరంగా ఉంచే సర్క్యూట్ కెమెరాలో పెట్టాల్సిన అవసరం లేకపోయింది. సెల్లే స్థిరంగా ఉందిగా! మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని హార్డ్‌కోడింగ్ అంటాం. ఎప్పటికీ మారదనుకున్న విలువని నేరుగా ప్రోగ్రామ్‌లో రాసేయడం. 1.35 అనే అంకెని ఆ కెమెరాల్లో అలా రాసేశారు. స్పాట్‌మాటిక్ డిజైనర్లు మాత్రం బ్రిడ్జి సర్క్యూట్ వాడారు. రెండు వైపులా తూచి చూసే తక్కెడ లాంటిది అది. వోల్టేజి కొంచెం అటూ ఇటూ అయినా దానికి పెద్దగా పట్టదు. అందుకే ఈ రోజుకీ స్పాట్‌మాటిక్ ఉన్నవాళ్ళకి ఈ తలనొప్పి తక్కువ.

మినమాటాలో ఏం జరిగింది?

ఇప్పుడు జపాన్ దక్షిణాన క్యూషూ దీవికి వెళ్దాం. కుమమోటో ప్రాంతంలో మినమాటా అనే తీర పట్టణం. అక్కడ చిస్సో అనే రసాయనాల కంపెనీ ఉంది. ఊళ్ళో చాలామందికి ఆ కంపెనీయే బతుకుతెరువు. 1932 నుంచి ఆ ఫ్యాక్టరీ పాదరసం సమ్మేళనాన్ని ఉత్ప్రేరకంగా వాడి అసిటాల్డిహైడ్ తయారుచేసేది. మిగిలిన మురుగు నీళ్ళు సముద్రంలోకి. ఆ నీళ్ళలో మిథైల్ మెర్క్యూరీ ఉంది. అది చేపల్లో, గవ్వల్లో చేరింది. ఆ చేపలే అక్కడి జాలర్ల రోజూ భోజనం.

1950ల్లో ముందు పిల్లులకి వచ్చింది. తూలుతూ, గిరగిరా తిరుగుతూ చచ్చిపోయేవి. తర్వాత మనుషులకి. చేతులు వణకడం, మాట తడబడడం, చూపు కుంచించుకుపోవడం, మూర్ఛలు. 1956 మే 1న ఫ్యాక్టరీ సొంత ఆసుపత్రి డైరెక్టర్ హజిమె హొసొకావా ఈ అంతుచిక్కని జబ్బు గురించి అధికారులకి తెలియజేశారు. మొదట్లో అంటువ్యాధి అనుకుని జనం ఆ ఇళ్ళ వైపు వెళ్ళడం మానేశారు. 1959లో కుమమోటో విశ్వవిద్యాలయం పరిశోధకులు కారణం సేంద్రియ పాదరసం అని ప్రకటించారు. అదే ఏడాది హొసొకావా ఫ్యాక్టరీ మురుగు కలిపిన తిండిని ఒక పిల్లికి పెట్టి చూశారు. దానికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని బయటికి రానివ్వలేదు.

ఇంకా తొమ్మిదేళ్ళు ఆ నీళ్ళు సముద్రంలోకి వెళ్తూనే ఉన్నాయి. 1968లో ఆ తయారీ ఆగాకే ప్రభుత్వం అధికారికంగా కారణం ఒప్పుకుంది. ఈ లోపు ఎంతోమంది పిల్లలు తల్లి కడుపులోనే విషం ఎక్కించుకుని పుట్టారు. తల్లికి పెద్దగా లక్షణాలు ఉండవు, బిడ్డకి మాత్రం జీవితాంతం. అధికారికంగా గుర్తించిన బాధితులే రెండు వేల పైచిలుకు.

1971లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్, భార్య ఐలీన్‌తో కలిసి మినమాటా వచ్చాడు. 'లైఫ్' పత్రికలో పేరు మోసిన మనిషి. యుద్ధకాలంలో పసిఫిక్ దీవుల్లో ఫోటోలు తీస్తూ 1945లో ఒకినావాలో తీవ్రంగా గాయపడినవాడు. కొద్ది రోజుల పని అనుకుని రాలేదు, సుమారు మూడేళ్ళు ఆ ఊళ్ళోనే ఇల్లు తీసుకుని ఉన్నారు. 1972 జనవరిలో బాధితులతో పాటు చిస్సో కంపెనీ గోయి ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు ఉద్యోగులు ఆయన్ని కొట్టారు. కంటిచూపు దెబ్బతింది. అదే ఏడాది జూన్‌లో 'లైఫ్' ఆ ఫోటోలు వేసింది. ఒక తల్లి, పుట్టుకతోనే ఆ జబ్బు ఉన్న కూతుర్ని స్నానాల తొట్టిలో ఒడిలో పట్టుకుని చూస్తున్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది. 1973 మార్చిలో కుమమోటో కోర్టు కంపెనీదే తప్పని తీర్పు ఇచ్చింది.

స్మిత్ మినమాటాలో వాడిన కెమెరాల్లో మినోల్టా ఎస్ఆర్‌టీ 101 ఉంది. దాని అడుగున చిన్న మూత ఉంటుంది. ఆ మూత కింద పీఎక్స్625 ఉంటుంది. పాదరసం చేసిన పనిని ఫోటో తీయడానికి వెలుతురు కొలిచే ఆ మీటర్ నడిచేది కూడా పాదరసంతోనే. అప్పట్లో ఇది ఎవరికీ వింతగా అనిపించి ఉండదు. సెల్ అంటే అదే మరి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మినమాటా జబ్బుకి కారణం కెమెరా బ్యాటరీలు కాదు, ఫ్యాక్టరీ మురుగు. బ్యాటరీలో ఉండే పాదరసం రూపం కూడా వేరు. కానీ వాడి పారేసిన సెల్ చెత్తకుప్పలోకి వెళ్తుంది. కాలిస్తే గాలిలోకి, తుప్పు పడితే మట్టిలోకి, నీళ్ళలోకి పాదరసం చేరుతుంది. నీటి అడుగున బురదలో ఉండే బ్యాక్టీరియా దాన్ని మళ్ళీ అదే మిథైల్ మెర్క్యూరీగా మార్చగలవు. ఒక్క గుండీ సెల్ బరువులో సుమారు మూడో వంతు పాదరసమే. ఒక కెమెరాకి ఒక సెల్ చిన్న విషయం. కెమెరాలు, వాచీలు, చెవి మిషన్లు అన్నీ కలిపి ఏటా పారేసేవి లెక్కేస్తే చిన్న విషయం కాదు.

తలుపులు మూసుకున్నాయి

1996లో అమెరికా ఒక చట్టం చేసి గుండీ సైజు మెర్క్యూరిక్ ఆక్సైడ్ సెల్స్ అమ్మకం ఆపేసింది. యూరప్ 1998లో నిర్ణయం తీసుకుని 2000 నుంచి అమలు చేసింది. 2013 అక్టోబరులో దేశాలన్నీ ఆ కుమమోటోలోనే సమావేశమై పాదరసం మీద ఒప్పందం ఆమోదించాయి. పేరు మినమాటా ఒప్పందం. 2017 ఆగస్టు 16న అది అమల్లోకి వచ్చింది. భారతదేశం 2018లో ఆమోదించింది. పాదరసం గొడవ మనకేమీ కొత్త కాదు. కొడైకెనాల్‌లో థర్మామీటర్ల ఫ్యాక్టరీ పాదరసం వ్యర్థాల వివాదంతోనే 2001లో మూతపడింది.

కాబట్టి షాపతను "రావట్లేదండీ" అన్నాడంటే, దాని వెనక ఇంత కథ ఉంది.

మరి ముల్లు కదిలేదెలా?

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ముందు మూతని రూపాయి బిళ్ళతో తిప్పి తీయండి. లోపల పాత సెల్ ఉంటే విప్పకండి, కాల్చకండి, చెత్తబుట్టలో వేయకండి. ఒక ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. పిల్లలకి అందకుండా చూసుకోండి.

అరలో తెల్లగానో, ఆకుపచ్చగానో పొడి ఉంటే అది కారిన క్షారం. గ్లౌజులు వేసుకుని, దూదిపుల్లకి కొంచెం వెనిగర్ అద్ది తుడవండి. తర్వాత ఇంకో పుల్లతో స్పిరిట్ రాసి ఆరనివ్వండి. అయినా ముల్లు కదలకపోతే అర వెనకున్న వైరు తుప్పు పట్టి ఉండొచ్చు. అది సోల్డరింగ్ పని, మెకానిక్‌కి ఇవ్వండి.

అర బాగుంటే మీకు మూడు దారులు. మొదటిది, అదే సైజులో దొరికే ఆల్కలైన్ సెల్. చౌక, కానీ 1.5 వోల్టుల దగ్గర మొదలై దిగిపోతూ ఉంటుంది. ఇందాక చెప్పుకున్న టార్చి సెల్ సమస్యే. ముల్లు కదులుతుందా లేదా అని చూడటానికి మాత్రం వాడండి.

రెండోది, సిల్వర్ ఆక్సైడ్ సెల్, ఎస్ఆర్44. ఇది స్థిరంగానే ఉంటుంది, కాకపోతే 1.55 దగ్గర. నేరుగా వేస్తే చాలా కెమెరాల్లో ఒక స్టాపు దాకా, కొన్నింటిలో ఇంకా ఎక్కువ తేడా వస్తుంది. ఒక స్టాపు అంటే ఫిల్మ్ మీద పడాల్సిన వెలుతురులో సగమే పడటం. దీనికి చిన్న అడాప్టర్లు దొరుకుతాయి. లోపల షాట్‌కీ డయోడ్ ఉంటుంది, అది ఆ ఎక్కువైన 0.2 వోల్టుని తినేస్తుంది. కెమెరాని తరచూ వాడేవాళ్ళకి ఇది బాగుంటుంది.

మూడోది, చెవి మిషన్ల షాపులో దొరికే జింక్-ఎయిర్ సెల్, నంబరు 675. వోల్టేజి 1.4 దగ్గర, అంటే పాతదానికి చాలా దగ్గర, పైగా స్థిరం. స్టిక్కర్ పీకాక కొన్ని నిమిషాలు గాలి తగలనిచ్చి వేయండి. పాత సెల్ కంటే సన్నగా ఉంటుంది కాబట్టి చుట్టూ రబ్బరు రింగు పెట్టాలి. ఒకసారి స్టిక్కర్ తీశాక వాడినా వాడకపోయినా కొన్ని వారాలకో, రెండు మూడు నెలలకో అయిపోతుంది. పెళ్ళికో, ఊరి ప్రయాణానికో కెమెరా తీసేవాళ్ళకి ఇది సరిపోతుంది.

ఏది వేసినా ఒక పరీక్ష చేయండి. ఎండలో, వరండా నీడలో, రాత్రి లైటు కింద, మూడు చోట్ల ఒకే గోడని కెమెరా మీటర్‌తోనూ, ఫోన్‌లో లైట్ మీటర్ యాప్‌తోనూ కొలవండి. మూడు చోట్లా తేడా ఒకేలా ఉంటే ఫిల్మ్ స్పీడ్ డయల్‌ని అంత సర్దుకుంటే చాలు. ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉంటే వోల్టేజి సమస్య కావొచ్చు, లేదా సెల్ ముసలిదైపోయి ఉండొచ్చు. అప్పుడు మెకానిక్ దగ్గర క్యాలిబ్రేషన్ చేయించాలి.

ఆన్‌లైన్‌లో కొందరు "ఒరిజినల్ పాత స్టాక్ మెర్క్యూరీ సెల్" అని అమ్ముతుంటారు. కొనకండి. పాతికేళ్ళ పాత సెల్‌లో ఎంత ప్రాణం ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఉన్నా, వాడాక అది మళ్ళీ చేరేది ఏదో ఒక చెరువు పక్కనున్న చెత్తకుప్పకే. మన కెమెరాలో ముల్లు ఆగిపోయింది, నిజమే. కానీ ఆ సెల్ ఆగడం వల్ల చెత్తకుప్పల్లోకి చేరే పాదరసం తగ్గుతుంది. ఒక రబ్బరు రింగు, ఒక చెవి మిషన్ సెల్, దానికి మనం కట్టే ధర అంతే.

మీ ఇంట్లో పాత కెమెరా ఉంటే దాని మోడల్ పేరు, అడుగున మూత మీద ఏం రాసి ఉందో చూసి నాకు రాయండి. దేనికి ఏ సెల్ సరిపోతుందో వచ్చే ఎపిసోడ్‌లో జాబితా చేసి చెప్తాను. అంతవరకు సెలవు, నమస్తే.